మీటరొక్కటే చూస్తే ఎలా?

కరీంనగర్‌లో ఉండే మా బావగారు గల్ఫ్‌లో దాచుకున్న సొమ్ముతో పాత లగ్జరీ కారు కొందామనుకున్నారు. రెండు నచ్చాయి. ఒకటి లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండోది నలభై వేలే! సహజంగానే ఆయన మనసు దానిమీదకే పోయింది. కానీ దాని బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంది. సర్వీసు బిల్లులు అడిగితే లేవన్నారు. మీటరును వెనక్కి తిప్పేవాళ్లకు కొదవా?

మొదటిది ఆదిలాబాద్-హైదరాబాద్ మధ్య 44వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగిన బండి. హైవే మీద ఒకే వేగంతో సాగితే బ్రేకులు, గేర్లు తక్కువ అరుగుతాయి. పైగా ప్రతి సర్వీసుకూ బిల్లుంది. వాటిలో తేదీలు, కిలోమీటర్లు వరసగా ఉన్నాయి. బావగారు దాన్నే తీసుకున్నారు. బేరంలో మిగిలింది మరమ్మతులకు పక్కన పెట్టించాను. పాతబడితే కారు ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధర తగ్గదు కదా!