శాంతిపురంలో ఆకు ఎర్రబడే కాలం

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు అక్టోబరులో పంపే ఫొటోలు చూసే ఉంటారు. కొండలకు కొండలే ఎరుపు, పసుపు రంగుల్లో ఉంటాయి. ఏ ప్రాంతంలో ఏ వారం ఆ రంగు నిండుగా ఉంటుందో అక్కడ ముందే అంచనా కట్టి పటాలు వేస్తారు. ఉత్తరాన వెర్మాంట్‌లో సెప్టెంబరు చివర మొదలయ్యే రంగు మెల్లగా దక్షిణానికి దిగి, అక్టోబరు రెండో సగంలో వర్జీనియా కొండలకు చేరుతుంది.

పగటి పొద్దు తగ్గేకొద్దీ చెట్టు ఆకులోని సారాన్ని కొమ్మలోకి తీసుకుంటుంది. పచ్చదనం విరిగిపోయి, అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చల్లదనం ఉంటే కొన్ని చెట్ల ఆకుల్లో కొత్తగా ఎరుపు పుడుతుంది. పగటి పొడవు ఏటేటా మారదు. చలి, వాన మారతాయి. అంచనా తప్పేది వాటివల్లనే.

మన శాంతిపురం వైపు చెట్లకు చలికంటే నీటి కరువే పెద్ద గురుతు. ఈశాన్య వానలు డిసెంబరుతో ఆగిపోతాయి. తరువాత బాదంచెట్టు పెద్ద ఆకులు ఎర్రబడి ఒక్కొక్కటే రాలుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కుప్పం నుండి పలమనేరు వైపు బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూడండి. గుట్టలు బోడిగా ఉంటాయి. మోదుగ ఉన్నచోట ఆకు లేని కొమ్మల నిండా నిప్పురంగు పూలుంటాయి. ఆ వెనుకనే రావి, వేప, మామిడి చిగుళ్లు రాగిరంగులో వస్తాయి. అంటే మనకు ఆకు పోయేటప్పుడూ ఎరుపే, వచ్చేటప్పుడూ ఎరుపే.

ఇక్కడ అంచనా కట్టాలంటే క్యాలెండరు ఒక్కటే చాలదు. వానలు ఆలస్యంగా ఆగి నేలలో తడి నిలిస్తే ఆకు ఆలస్యంగా రాలుతుంది. ముందే ఆగితే ముందే రాలుతుంది. చెరువు కింది చెట్టుకంటే గుట్టమీది చెట్టు ముందు చెబుతుంది. అంజూరపు చెట్టు చిగురు చూసి కాలాన్ని తెలుసుకోమని ప్రభువు కూడా పల్లెవారికి అర్థమయ్యే మాటే చెప్పాడు.

ఈ గురుతు మనకు ఎందుకంటే, ఆకు రాలిన అడవి ఎండుగడ్డి వామితో సమానం. ఒక్క బీడీ ముక్క చాలు. కొత్త గడ్డి మొలుస్తుందని కొందరు కావాలనే నిప్పు పెడతారు. ఆ మంటలో రేపటి చెట్లు కావలసిన చిన్న మొలకలు, నేలమీది గూళ్లు కాలిపోతాయి. మనకు దగ్గరలో ఉన్న కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. అందులో ఏనుగులున్నాయి. వాటి మేత కాలిపోతే అవి మన పొలాల వైపు రావా?

కాబట్టి గుట్టమీద ఆకు రంగు తిరగగానే ఇంట్లో ఒక మాట అనుకుందాం. మేకలు తోలుకుపోయేవారు అగ్గిపెట్టె ఇంట్లోనే పెట్టి వెళ్లాలి. వాకిట్లో ఊడ్చిన ఆకును కాల్చకుండా ఎరువు గుంతలో వేయాలి. వాన వచ్చేనాటికి అదే మన చేనుకు బలమవుతుంది.