చేతికి వాటం

మూడు వందల ఏళ్ల కిందటే ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని, వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి రాస్తూ లేఖకుల్నీ లెక్కలోకి తీసుకున్నాడు. కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున ఆడుతూ ఉండటం, తప్పు రాకూడదన్న ఒత్తిడి: ఆయన చెప్పిన కారణాలివి. కలం తీసి మౌస్ పెడితే అది మా ఆఫీసే.

మా టీములో ఒకతను కొన్నాళ్లుగా కుడి మణికట్టుకి పట్టీతో, ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని అన్నం తింటున్నాడు. నాకింకా నొప్పి లేదు. కానీ పగలు కోడ్ రాసే చెయ్యే రాత్రి పుస్తక సమీక్షలూ రాయాలి. జీతం పగటిదే అయినా నాకు దిగులు రాత్రి గురించే. అందుకే ముందే మౌస్ వెతకడం మొదలుపెట్టాను.

అరచెయ్యి బోర్లిస్తే ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి రెండోదాని మీదకి అడ్డంగా తిరుగుతుంది. మామూలు మౌస్ రోజంతా చేతిని అలాగే ఉంచుతుంది. వర్టికల్ మౌస్ కరచాలనం చేస్తున్నట్టు నిలబెడుతుంది. లాజిటెక్ ఎమ్ఎక్స్ వర్టికల్ వాలు 57 డిగ్రీలు. అయితే క్లిక్ చేసినప్పుడు పక్కకి జరగకుండా బొటనవేలు ఆపాలి. బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్‌లో మణికట్టుకి సెలవు దొరుకుతుంది కానీ, ఆ పనంతా ఆ ఒక్క వేలి మీదే పడుతుంది. శ్రమ ఎక్కడికీ పోదు, బదిలీ మీద వెళ్తుంది, అంతే.

మౌస్ రివ్యూలు చదువుతుంటే మన పుస్తక సమీక్షలే గుర్తొచ్చాయి. ‘అద్భుతం’, ‘డబ్బు దండగ’. రాసినవాడి చెయ్యి ఎంతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నా చిన్న చేతికి, ఒకరు మెచ్చుకున్న పెద్ద మౌస్ మీద బటన్లు అందనే లేదు. ఎవరికి నప్పుతుందో చెప్పని మెప్పు మౌస్‌కైనా, నవలకైనా ఒకటే.

చివరికి ఆఫీసుకి చిన్న సైజు వర్టికల్ తీసుకున్నాను. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డ్ వాడుతున్నాను. మౌస్ దగ్గరికి జరిగింది, భుజం చాచే పని తగ్గింది. ఇంట్లో మాత్రం రెండు వైపులా ఒకేలా ఉండే మామూలు మౌస్, ఎడమ పక్కన పెట్టుకున్నాను.

ఎడమచెయ్యి నెమ్మది. చిన్న గుర్తు మీదకి బాణాన్ని తేవడానికే రెండుసార్లు ప్రయత్నించాలి. దాంతో రాత్రిపూట ఇంకో ట్యాబ్ తెరవాలంటే బద్ధకంగా ఉంటోంది. రాస్తున్న పేరా దగ్గరే ఉండిపోతున్నాను.