నాలుగు చక్రాల కాపురం

ఆ తెల్లటి టెంపో ట్రావెలర్‌ను చూసి ఖమ్మంలో చాలామంది కిరాయి బండి అనుకుంటారు. పెళ్లి ఉందనీ, ఎంత తీసుకుంటారనీ గేటు దగ్గరే అడుగుతుంటారు. రిటైరైన మాస్టారు మాత్రం నవ్వి, "అది మా రెండో ఇల్లండీ" అంటారు.

మంచం, పొయ్యి, స్నానాల గది ఉన్న ఇలాంటి బండిని విదేశాల్లో మోటార్‌హోమ్ అంటారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. అసలు మనకూ మరీ కొత్తేం కాదు. 1982లో ఎన్టీఆర్ ఓ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరిగారు. తిండీ నిద్రా ఆ బండి దగ్గరే. నడిపింది కొడుకు హరికృష్ణ. మన మాస్టారి కొడుకేమో డల్లాస్‌లో ఉన్నాడు, అందుకే డ్రైవర్‌ను పెట్టుకున్నారు.

ఇంతకీ సెకండ్ హ్యాండ్‌లో ఆ బండి కొన్నది సరదాకు కాదు, టీచరమ్మ మంచినీళ్ల కోసం. ఆమెకు షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. బస్సెక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవారు. దారిలో ఎక్కడ దిగాలి, ఎవర్ని అడగాలి? మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఇలా గొంతెండబెట్టుకుని తీర్థయాత్రలు చేసొస్తారో మగవాళ్లకు తెలియదు. బండిలో తెర కట్టి, వెనకాల ఒక కమోడ్ కుర్చీ పెట్టించాక ఆవిడ మొదటిసారి దారిపొడవునా నీళ్లు తాగారు.

బండి రూపం మార్చాలంటే రవాణాశాఖ అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కించాలి. ఆ తిరుగుడు పడలేక మాస్టారు మంచం బిగించలేదు. వాలే సీట్ల మీదే పరుపులు పరిచారు. గ్యాస్ పొయ్యి వెలిగించేది బండి దిగాకే.

ఈసారి ప్రయాణంలో హైదరాబాద్ నుంచి పాత స్నేహితుల జంట కూడా చేరింది. నలుగురూ టీచర్లే. ఉద్యోగం తొలిరోజుల్లో కూనవరంలో పక్కపక్క వాటాల్లో కాపురం చేసినవాళ్లు. మొదటిరోజు ఖమ్మం చూశారు. కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా ఎందరి చేతుల్లోనో పెరిగిన ఖిల్లాకు మెట్లున్నాయి కాబట్టి ఆడవాళ్లు కింద నుంచే దండం పెట్టేశారు. సాయంత్రం లకారం చెరువు, మర్నాడు నేలకొండపల్లి. భక్త రామదాసు పుట్టిన ఊరూ, బౌద్ధ స్తూపమూ ఒకేచోట చూడొచ్చు.

తర్వాత భద్రాచలం. కొత్తగూడెం స్టేషన్ పేరు 'భద్రాచలం రోడ్' అయినా అక్కడ దిగితే రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతలే. ఆ పేరు చూసి దిగి బిక్కమొహం వేసిన బంధువుల కథలు చెప్పుకుంటూ పాల్వంచ దాటారు. వంతెన మీదికి రాగానే మాత్రం అందరూ గోదావరి వైపు తిరిగారు. 1986 ఆగస్టులో ఇక్కడ నీటిమట్టం 75.6 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. ఆ వరదకు ఈ నలుగురూ పిల్లల్ని ఎత్తుకుని కూనవరంలో గుట్టెక్కారు. 2022 జులైలో 71.3 అడుగులని టీవీలో చూసి రాత్రంతా ఫోన్లు చేసుకున్నారు.

దర్శనమయ్యాక స్నేహితుడి భార్య అడిగారు.

"అన్నయ్యగారూ, కూనవరం పోదామా?"

"ఎందుకే ఇప్పుడు? అక్కడేముంది?" అన్నారు ఆమె భర్త.

అక్కడేముందో నలుగురికీ తెలుసు. శబరి వచ్చి గోదావరిలో కలిసే ఆ ఊళ్లో, వరదకు రెండేళ్ల ముందు, వాళ్ల తొలి బిడ్డ మలేరియాతో పోయింది. పదినెలల పిల్ల. శబరి ఒడ్డునే పూడ్చారు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు ఈ అక్క సంగతి సరిగా తెలియదు కూడా.

2014లో కూనవరం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పోలవరం జలాశయంలో 150 అడుగుల దాకా నీళ్లు నిలిపితే మునిగే ప్రాంతాల్లో అదీ ఉంది. భూమికీ, ఇంటికీ లెక్కగట్టి పరిహారం ఇస్తారు. ఇలాంటివాటికి దరఖాస్తు ఉండదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "చూసి వచ్చేద్దాం. మళ్లీ ఎప్పుడొస్తామో" అని మాస్టారే బండి తిప్పించారు. టేకుచెట్ల మధ్య గంటన్నర ప్రయాణం. దారిలో ఒకచోట కోయపిల్లలు సైకిళ్ల మీద బడి నుంచి వస్తూ బండికి చేతులూపారు.

ఒడ్డు దగ్గర గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇన్ని వరదలకు మేటలు వేసి, కోసుకుపోయి, ఆనాటి ఒడ్డే మారిపోయింది. ఆమె "ఆ చింతచెట్టుకు ఇవతల" అన్నారు. ఆయన "కాదు, అవతల" అన్నారు. ఆ చెట్టు కూడా లేదు. నలభై ఏళ్లలో ఆ బిడ్డ గురించి వాళ్లిద్దరూ ఇలా గట్టిగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. మాస్టారు, టీచరమ్మ కాస్త దూరంగా జరిగారు. చివరికి ఆయనే ఒంగి, శబరి నీళ్లు దోసిట్లో పట్టి, ఆమె చూపించినచోట పోశారు.

అడవిలో రాత్రి ఆగడం మంచిది కాదని డ్రైవర్ తొందరపెట్టాడు. భద్రాచలం వచ్చి ఒక సత్రం ఆవరణలో బండి పెట్టారు. టీచరమ్మ ఉప్మా చేశారు. ఆడవాళ్లిద్దరూ వెనక పరుపుల మీద, మగవాళ్లు ముందు సీట్లు వాల్చుకుని పడుకున్నారు. వెనక మాటలు ఎంతకీ ఆగలేదు. "వదినా, పాపకు ఏం పేరు అనుకున్నారూ?" అని టీచరమ్మ అడగడం ముందున్న ఇద్దరికీ వినపడింది.

ఆమె చెప్పేలోపే, చీకట్లో, ముందు సీట్లోంచి జవాబు వచ్చింది.