లెస్టర్‌లో రెండక్షరాల ట్రైనింగ్ టాప్

లండన్ సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కితే గంట పైచిలుకులో లెస్టర్. వచ్చినవాళ్లు మామూలుగా రెండు చూస్తారు. ఒకటి మూడో రిచర్డ్ రాజు సమాధి. ఆయన ఎముకలు 2012లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి. రెండోది బెల్‌గ్రేవ్ రోడ్డు, మన చీరల షాపులు, స్వీట్ల షాపులు ఉండే గోల్డెన్ మైల్. నేను వెళ్లింది మాత్రం ఒక పాత బట్ట కోసం. 2015-16లో లెస్టర్ సిటీ వాళ్లు ప్రాక్టీసుకి వేసుకున్న ట్రైనింగ్ టాప్.

ఆ సీజన్ ఏంటో తెలీనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. అంతకుముందు ఏడాది ఈ టీమ్ నెలల తరబడి టేబుల్ అడుగునే ఉంది. చివరి 9 మ్యాచుల్లో 7 గెలిచి ఎలాగో లీగ్‌లో నిలబడింది. తర్వాత రాణియేరీ కోచ్‌గా వచ్చాడు. వీళ్లు ఛాంపియన్ అవుతారని పౌండ్ పందెం కాస్తే 5,000 పౌండ్లు ఇస్తామన్నారు బెట్టింగ్ వాళ్లు, అంటే జరగదనే కదా! 38 మ్యాచుల్లో ఓడినవి మూడే. 81 పాయింట్లు, రెండో స్థానంలోని ఆర్సెనల్ కంటే 10 ఎక్కువ. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పని చేస్తూ చిన్న క్లబ్‌కి ఆడిన వార్డీ 24 గోల్స్ కొట్టాడు. మొదటిసారి గోల్ ఇవ్వకుండా గెలిచినందుకు రాణియేరీ టీమ్‌ని పిజ్జాకి తీసుకెళ్లాడు, అదీ వాళ్ల పిజ్జా వాళ్లే చేసుకోవాలి. 2016 మే 2న చెల్సీ, టోటెన్‌హామ్ మ్యాచ్ 2-2 డ్రా అయ్యింది. ఆ రాత్రి గ్రౌండ్‌లోకి దిగకుండానే లెస్టర్ ఛాంపియన్.

మరి జెర్సీ ఉండగా ట్రైనింగ్ టాప్ ఎందుకు? జెర్సీ షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్లేయర్లకీ స్టాఫ్‌కీ ఇచ్చే ప్రాక్టీసు బట్టలు కొన్నే ఉంటాయి. ఎవరివి ఎవరివో కలిసిపోకుండా ఛాతీ మీద పేరులోని మొదటి అక్షరాలో, నంబరో వేస్తారు. సీజన్ అయ్యాక అవి చుట్టాలకో, ఛారిటీకో పోతాయి, అక్కణ్నుంచి కలెక్టర్ల చేతికి. ఇంకోటి, అప్పటి గ్రౌండ్ బెల్వోర్ డ్రైవ్ (రాసేది అలా, పలికేది ‘బీవర్’ అని!). 2020లో టీమ్ సీగ్రేవ్‌కి మారిపోయింది. అంటే ఈ టాప్ ఆ పాత మట్టిలో తిరిగింది.

అమ్మే ఆయన 70 పౌండ్లు చెప్పాడు. రెండక్షరాలున్నాయి, ఎవరివో ఆయనకీ తెలీదు. ఏ ప్లేయర్‌తోనూ కలవలేదు, ఫిజియోదేమో. ‘‘మారెజ్‌ది అయితే ఈ రేటుకి ఇస్తానా?’’ అని నవ్వాడు. మోచేతుల దగ్గర ఉండలు కట్టి ఉంది. నాకదే నచ్చింది. నకిలీలు ఇంత అలిసిపోయి ఉండవు.

ఇక్కడ మీకు చెప్పాల్సిన ఊరు ఇంకోటుంది. లెస్టర్‌ని ఆనుకునే విగ్‌స్టన్. ఈ ప్రాంతమంతా మేజోళ్లు, అల్లిక బట్టలతో బతికింది. విగ్‌స్టన్‌లో లోదుస్తులు చేసే ఒక కంపెనీ అడ్మిరల్ పేరుతో 1974లో ఇంగ్లండ్ టీమ్‌కి కిట్ చేసి, అవే పిల్లలకి అమ్మింది. టీమ్ బట్టలు ఫ్యాన్స్‌కి అమ్మే వ్యాపారం ఊపందుకుంది అప్పుడే. తర్వాత పని విదేశాలకి పోయింది, ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి.

మాది సిరిసిల్ల. నాన్న ఈ ఏడాదే రెండు సాంచాలు ఇనుప సామాను కింద కిలోల లెక్కన అమ్మేశాడు. అందుకే 70 పౌండ్లు ఇస్తుంటే చెయ్యి ఆగింది. కానీ కొన్నా. సాయంత్రం వీడియో కాల్‌లో చూపించా.

‘‘ఇది నేత కాదురా, అల్లిక’’ అన్నాడు చూడగానే. ‘‘ఏడు వేలా? ఈ పాత దానికి?’’

ఏడు వేలు దాటిందని చెప్పలేదు. ఎందుకంత రేటో చెప్పా, 5,000కి ఒకటి లెక్క చెప్పా, పిజ్జా సంగతి చెప్పా. పిజ్జాకి నవ్విండు. తర్వాత ఫోన్ దగ్గరికి పెట్టుకుని, ‘‘గా అక్షరాలు గాదు, లోపటికెల్లి తిప్పి జూపియ్యి. కుట్టు జూడాలె’’ అన్నాడు.