ఈఎంఐ పెంచమని నేనే అడిగాను

2021లో హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ కొనడానికి 30 లక్షల గృహరుణం తీసుకున్నాం. వడ్డీ 6.75 శాతం, గడువు ఇరవై ఏళ్లు, ఈఎంఐ నెలకు 22,811 రూపాయలు. అప్పటికి రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం. మా అప్పు ఆ రెపోకే ముడిపడి ఉంది. బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాలను ఇలా బయటి రేటుకే కట్టాలని 2019 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. అంతకుముందు బేస్ రేటు, ఎంసీఎల్ఆర్ అంటూ బ్యాంకులు తమ లెక్కతో తామే రేటు కట్టుకునే రోజుల్లో, రెపో తగ్గినా ఆ తగ్గింపు పాత ఖాతాదారుల దాకా రావడానికి చాలా ఆలస్యమయ్యేది. కాబట్టి మార్పు మంచిదే. అయితే రెపో పెరిగినా ఆ పెంపు అంతే త్వరగా మన మీద పడుతుంది.

2022 మే 4న రెపో 4.40 అయింది. అక్కడితో ఆగలేదు. 2023 ఫిబ్రవరికి 6.50కి వెళ్లింది, మా వడ్డీ 9.25కి చేరింది. ఖాతాలోంచి పోయే ఈఎంఐ మాత్రం అదే 22,811. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది “మాకేం పెరగలేదండీ” అని ఊరట పడ్డారు. నేను స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని లెక్క వేశాను. బాకీ దాదాపు 29 లక్షలు. 9.25 శాతం చొప్పున ఒక నెల వడ్డీ 22,354 రూపాయలు. అంటే మేం కట్టేదాంట్లో అసలుకు జమయ్యేది 457 రూపాయలు! ఇదే ఈఎంఐతో సాగితే అప్పు తీరడానికి ఇంకా 509 నెలలు పడుతుంది. నలభై రెండేళ్ల పైమాటే. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి బ్యాంకు అంతదాకా పోనివ్వదు, ఎక్కడో ఒకచోట ఈఎంఐ పెంచి తీరుతుంది. ఈలోగా కట్టిన నెలలన్నీ వడ్డీకే పోతాయి.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ చదివింది ఐదో తరగతి. డ్వాక్రా సంఘంలో ఏళ్ల తరబడి లెక్కలు చూసింది, చీటీ పాటలో ఎవరు ఎంతకు పాడితే ఎంత నష్టపోతారో కాగితం లేకుండా చెబుతుంది. 9.25 శాతం అంటే ఆవిడకు ఏమీ పట్టలేదు. “నూటికి నెలకు డెబ్భై ఏడు పైసలు, బాకీ ఇరవై తొమ్మిది లక్షలు” అన్నాను. ఒక్క క్షణం ఆగి, “ఇరవై రెండు వేల మూడొందలు వడ్డీకే పోతున్నాయన్నమాట. మరి అసలెప్పుడు తీరుద్దే?” అంది.

మన జనానికి ఆర్థిక అక్షరాస్యత లేదనే మాట సభల్లో విన్నప్పుడల్లా నాకు అమ్మ అడిగిన ఆ ప్రశ్న గుర్తొస్తుంది. లెక్క వేయగలిగినవాళ్లు మన ఇళ్లలో కావలసినంత మంది ఉన్నారు. వేయడానికి కావలసిన అంకెలు సరైన సమయంలో, అర్థమయ్యే రూపంలో వాళ్ల చేతికి రావడం లేదు. వడ్డీ మారిందని బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్‌లో కొత్త రేటు ఉంది. ఇంకా ఎన్ని నెలలు కట్టాలో లేదు.

మర్నాడు బ్రాంచికి వెళ్లి ఈఎంఐ పెంచమని రాసిచ్చాను. అక్కడున్న అధికారి, “పెంచమని అడిగేవాళ్లు ఉండరు మేడమ్, పెరగలేదని సంతోషించండి” అన్నారు. మొదట అనుకున్న గడువులోనే తీరాలంటే నెలకు దాదాపు 27,500 కట్టాలి. దాదాపు 4,700 అదనం, మా ఇంటి ఖర్చులో చిన్న మొత్తం కాదు. కానీ 27,500 చొప్పున మిగిలిన 219 నెలలు కడితే మొత్తం 60 లక్షలు. 22,811 చొప్పున 509 నెలలైతే కోటీ 16 లక్షలు. ఈ రెండు అంకెలూ ఆయన ముందు పెట్టాక మారు మాట్లాడకుండా దరఖాస్తు తీసుకున్నారు.

అదే ఏడాది ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. చెప్పకుండా, అనుమతి అడగకుండా గడువు పెంచేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయని అందులోనే రాసింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంతకొంత పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే తేల్చుకోవాలి. కట్టేది వడ్డీకి కూడా చాలక బాకీ పెరిగిపోయేంతగా గడువు సాగదీయకూడదు. ఇప్పటిదాకా అసలుకు ఎంత, వడ్డీకి ఎంత వెళ్లింది, ఇంకా ఎన్ని ఈఎంఐలు మిగిలాయన్న వివరాలతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నేను అడిగి తెచ్చుకున్నది ఆ సర్క్యులర్‌తో అందరి హక్కయింది. ఫ్లోటింగ్ నుంచి స్థిర వడ్డీకి మారే వీలు కూడా ఇవ్వాలని అందులో ఉండేది. 2025 అక్టోబరు 1 నుంచి దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేశారు. ఇది వెనకడుగేనని నా అభిప్రాయం.

2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. ఈఎంఐ 25,300కి తగ్గించుకుంటారా అని బ్యాంకు అడిగింది. 27,500లోనే ఉంచమన్నాను. 183 నెలలు మిగలాల్సిన అప్పు 157 నెలలకు వచ్చింది. వడ్డీలో మిగిలేది సుమారు 3 లక్షలు.

ఆ ఏడాదే మా తమ్ముడు విజయవాడలో ఇల్లు కొనుక్కున్నాడు. సంతకాల రోజున “అక్కా, నువ్వూ రా” అన్నాడు. 25 లక్షల రుణం, వడ్డీ 7.75 శాతం. టేబుల్ మీద దొంతరలో అడుగున కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ ఇది ఇచ్చి తీరాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, వివరించి చెప్పాలి. తెలుగులో ఉన్నది కావాలని అడిగితే, ఉద్యోగి కాసేపు కంప్యూటర్‌లో వెతికి ప్రింట్ తీసిచ్చాడు. వార్షిక శాతం రేటు అన్న గడిలో 8.30 ఉంది. వడ్డీ 7.75 అయితే ఇది 8.30 ఎలా అయింది? కింది వరుసల్లో ఉంది జవాబు: ప్రాసెసింగ్ ఫీజు 10 వేలు, ఒకేసారి కట్టే బీమా ప్రీమియం 90 వేలు. రెండూ రుణంలోంచే మినహాయిస్తారు. అంటే తమ్ముడి చేతికి వచ్చేది 24 లక్షలు, ఇరవై ఏళ్లు వడ్డీ కట్టేది 25 లక్షలకు.

“బీమా తప్పనిసరా?” అని తమ్ముడు అడిగాడు.

“అందరూ తీసుకుంటారు సార్” అన్నాడు ఆ అబ్బాయి. అడిగినదానికి అది జవాబు కాదు. తమ్ముడికి ఇప్పటికే టర్మ్ పాలసీ ఉంది. బీమా తీసేసి మళ్లీ ప్రింట్ ఇమ్మన్నాం. ఈసారి ఆ గడిలో 7.80 వచ్చింది. ఇన్సూరెన్స్ చెడ్డదని నేననను. ఇంటి పెద్ద పోతే అప్పు కుటుంబం మీద పడకూడదు కదా. కానీ దాన్ని అప్పులో కలిపి అమ్మితే దాని మీద కూడా ఇరవై ఏళ్ల వడ్డీ కట్టాలి. ఆ కాగితం చూసి నిర్ణయించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువివ్వాలని కూడా నిబంధన. అక్కడికక్కడే సంతకం పెట్టమని ఎవరన్నా తొందరపెడితే ఇంటికి తీసుకెళ్లి చూసుకుంటామని చెప్పొచ్చు. అందులో చూపని ఛార్జీని మన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఇలాంటి కాగితాన్ని ఎప్పటి నుంచో చూస్తున్నారు. 2008 సంక్షోభంలో లక్షల ఇళ్లు జప్తయ్యాక అక్కడ వినియోగదారుల రక్షణకు ప్రత్యేక సంస్థ పెట్టారు. 2015 నుంచి సంతకాలకు మూడు పనిదినాల ముందే తుది ఖర్చుల పత్రం చేతిలో ఉండాలి.

అప్పు తీరాక వచ్చే చిక్కులకూ మన దగ్గర ఇప్పుడు గడువులున్నాయి. బాకీ పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఏ ఫిర్యాదైనా ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు ఖర్చు లేకుండా వెళ్లొచ్చు. సమాచారానికి నంబరు 14448.

ఆర్థిక అక్షరాస్యత వారోత్సవాల్లో ఓటీపీ ఎవరికీ చెప్పకండని నేర్పుతున్నారు. అవసరమే. గృహరుణం వడ్డీ మారినప్పుడు వచ్చే ఉత్తరాన్ని ఎలా చదవాలో కూడా నేర్పాలి, నేర్పడానికి డ్వాక్రా సంఘాల సమావేశాల కంటే మంచి చోటు లేదు. రిజర్వు బ్యాంకును నేను అడిగేది ఒక్కటే. వడ్డీ మారిన ప్రతిసారీ, ఈఎంఐ పెంచుకుంటే చివరిదాకా కట్టే మొత్తం ఎంత, గడువు పెంచుకుంటే ఎంత అన్నవి రెండూ పక్కపక్కన, తెలుగులో, ఎస్ఎంఎస్‌లోనే రావాలి. మా అమ్మలాంటివాళ్లు మిగతా లెక్క వేసుకుంటారు.