మొదటి విస్తరి

గోదావరి జిల్లాల మర్యాదంటే రాష్ట్రమంతటికీ వేళాకోళమే. వచ్చిన చుట్టాన్ని కదలనివ్వరంటారు. చాలు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తారంటారు. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడి ముందు వందల రకాలు పేర్చి, ఆ ఫొటో పేపరువాళ్ళకి పంపుతారంటారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదండి. కాకపోతే ఈ మర్యాద ఎక్కడ తయారవుతుందో వీధరుగు మీద కూర్చున్నవాళ్ళకి కనిపించదు. దానికి వంటింటి గడప దాటాలి.

గ్యాసు రాకముందు డెల్టా వంటిల్లు అంటే పొయ్యి చుట్టూ తిరిగే సంసారం. మాకు అడవి లేదు. ఉన్నదల్లా కొబ్బరి, వరి. కాబట్టి పొయ్యిలోకి కొబ్బరి మట్టలు, డొక్కలు, చిప్పలు, కాస్త కలిగినవాళ్ళయితే సరుగుడు కట్టెలు. ఇవి కాక పొట్టు పొయ్యి ఒకటి ఉండేది. అడుగున పక్కగా చిల్లు పెట్టిన రేకు డబ్బా అది. మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టంగా కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ పైకి తీస్తే నిలువునా గొట్టంలా ఖాళీ ఏర్పడుతుంది. కింది చిల్లులోంచి ఓ చితుకు అంటిస్తే చాలు, పొద్దున్న వంటంతా దాని మీద అయిపోయేది. వినడానికి సులువే. పొట్టు వదులుగా కూరితే మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ. మరీ గట్టిగా కూరితే అసలు అంటుకోదు. ఎంత బిగించాలో మా అమ్మ అరచేతికి తెలుసు. ఆ విద్యకి ఎవరూ ఏ పట్టా ఇవ్వలేదు.

ధనుర్మాసం పొద్దుటిపూట పెరట్లో కాగులో నీళ్ళు కాగుతుంటే పిల్లలందరం అక్కడ చేరేవాళ్ళం. అవి సలసలమన్నాక మా మకాం వంటింట్లో కుంపటి పక్కకి మారేది. దాని మీద మందపాటి మూకుట్లో మినపరొట్టె. ఊళ్ళో దిబ్బరొట్టె అంటాం. పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, నూనె మరిగిన మూకుట్లో బొటనవేలంత మందాన పోసి మూతేసేవారు. ఆ మూత మీద కూడా నాలుగు నిప్పులు పెట్టేవారు. కిందా పైనా సన్నసెగ. తీసేసరికి అడుగు ఎర్రగా కరకరలాడేది, లోపల దూదిలా ఉండేది. పక్కన చెరకు పానకం. అంచు ముక్క కోసం అన్నదమ్ముల మధ్య యుద్ధం. ఆ మూల వెచ్చదనమంతా మాది, పొగ మాత్రం అమ్మది. చివరి రొట్టె ఎప్పుడూ చల్లారాక, అదీ విరిగిన ముక్కే, ఆవిడ నోట్లోకి వెళ్ళేది. అది మాకు వింతగా తోచలేదు. తోచకపోవడమే వింత.

మా వంటల పేర్లు వింటే నోరూరుతుంది. ఆ పేర్ల వెనకున్న చాకిరీ తలుచుకుంటే చేతులు నొప్పెడతాయి. పనసపొట్టు కూరనే తీసుకోండి. కాయ చెక్కు తీసేలోపు జిగురు చేతికంటుకుంటుంది, నూనె రాసుకోవాలి. ఆపైన కత్తితో టకటకా కొట్టి పొట్టు చెయ్యాలి. రాజమండ్రి బజార్లో కొట్టిన పొట్టే అమ్ముతారు కాబట్టి ఇప్పుడు ఆ తిప్పలు తప్పాయి. తర్వాత ఉప్పూ పసుపూ వేసి ఉడికించడం, నీళ్ళు పిండడం, చింతపండు పులుసు, జీడిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ పోపు. ఆఖర్న ఆవ. అది పొయ్యి దించాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ఇంత చేసి వడ్డిస్తే, మొదటి ముద్దకే పెద్దమనుషుల తీర్పు: “ఆవ ఇంకొంచెం పడాలే!”

ఇక పులస. గోదారికి ఎర్రనీరు తగిలిందంటే సముద్రంలోని విలస గుడ్లు పెట్టడానికి ఏట్లోకి ఎక్కుతుంది. ఆ వరదకి ఎదురీదీ ఎదురీదీ ధవళేశ్వరం వైపు వచ్చేసరికి రుచి మారి పులసవుతుందని మావాళ్ళ నమ్మకం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత అందరికీ తెలిసిందే. ఈ సామెతని అంత హుషారుగా చెప్పేది మాత్రం మగవాళ్ళే. అమ్మేది ఎవరి పుస్తెలో కాస్త ఆలోచించారా? వేలు పోసి చేప తేవడంతో ఆయన పౌరుషం అయిపోతుంది. పొలుసు తీసి, ముక్కలు కడిగి, మట్టి దాకలో పులుసు పెట్టి, సన్నసెగ మీద మరిగించి, మర్నాటికైతే ఇంకా బావుంటుందని అందరి చేతులూ ఆపి, తీరా తినే వేళకి ముళ్ళు ఏరి పిల్లల నోట్లో పెట్టేది పుస్తెలున్న మనిషే.

మా సీమలో ఆ మనిషికి దేవత హోదా కూడా ఇచ్చాం. మండపేటలో 1841లో పుట్టిన డొక్కా సీతమ్మ గారు కోనసీమలోని లంకల గన్నవరం కోడలు. చుట్టూ ఏటిపాయలు, దాటడానికి పడవలు. దారినపోయేవాళ్ళు ఏ వేళకి గట్టెక్కినా ఆవిడ ఇంట్లో విస్తరి వేసేవారు. 1909లో కన్నుమూసేదాకా ఆ పొయ్యి ఆరలేదంటారు. ఓసారి అంతర్వేది తీర్థానికి బయల్దేరారట. దారిలో ఆకలితో ఏడుస్తున్న పిల్లలతో ఓ కుటుంబం ఎదురై, “ఊరుకోండి, గన్నవరం వెళ్తే సీతమ్మ గారు అన్నం పెడతారు” అనుకుంటూ పోతున్నారట. అది చెవిని పడగానే ఆవిడ బండి వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని మా పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం వేడుకకి ఢిల్లీ పిలుపొస్తే దానికీ వెళ్ళలేదంటారు. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బళ్ళలో మధ్యాహ్న భోజనమూ ఆవిడ పేరు మీదే సాగుతోంది. సంతోషమే. కానీ ఆ కథ విన్నప్పుడల్లా నాకో సందేహం. ఎప్పుడో ఓసారి ఇల్లు కదిలిన ఆ ఇల్లాలికి అంతర్వేది చూడాలని ఎంత ఉండేదో! ఆ పూట ఆ పిల్లలకి ఇంకెవరైనా వండి పెట్టి ఉంటే ఎంత బావుండేది!

పాత రోజుల్లో బయట తిండి అంటే మగవాళ్ళ యవ్వారం. పూటకూళ్ళ ఇళ్ళూ కాఫీ హోటళ్ళూ ప్లీడర్లవి, కాలేజీ కుర్రాళ్ళవి, కోర్టు పక్షులవి. ఆడవాళ్ళు హోటల్లో కూర్చోవడం నామోషీ. ఇప్పుడు రోజులు మారాయి. అంబాజీపేట వెళ్తే నాలుగు పనసాకులు పుల్లలతో కుట్టిన దొన్నెల్లో ఉడికిన పొట్టిక్కలు. రాజమండ్రిలో రోజ్‌మిల్కు తాగి గోదారి గట్టు మీద సాయంత్రం. కాకినాడలో సుబ్బయ్య హోటల్. అక్కడి భోజనం బుట్టల్లో సర్దించి ఇంటికి పట్టుకెళ్ళే బుట్ట భోజనం ఊళ్ళు దాటి పేరు తెచ్చుకుంది. యానాం–ఎదుర్లంక వారధి పడ్డాక మా కోనసీమవాళ్ళకి పంటు కోసం కాచుకునే బాధ కూడా పోయింది. భోజనానికి కాకినాడ వెళ్ళి చీకటి పడకుండా ఇంటికి రావచ్చు.

అలా ఓ ఆదివారం అమ్మని తీసుకుని అందరం కాకినాడలో ఓ భోజన హోటల్‌కి వెళ్ళాం. అరిటాకులు పరిచారు. పప్పు, కందిపొడి, నెయ్యి, రెండు వేపుళ్ళు, పులిహోర, పూర్ణాలు. వడ్డించేవాళ్ళ నోట అదే మన యాస. “ఆయ్, ఇంకో గరిటండి!” అమ్మ చూపు మాత్రం తన ఆకు మీద లేదు. నాన్నగారికి పులుసు అందిందా, చిన్నాడు కూర వదిలేశాడా అని చూసుకుంటోంది. పక్కనుంచి నేతి గిన్నె వెళ్తుంటే తెలియకుండానే ఎడమ చెయ్యి దాని మీదికి పోయింది. వడ్డించే పెద్దాయన నవ్వి, “మీరు తినండమ్మా, వాళ్ళని నేను చూసుకుంటాను కదా” అన్నాడు. ఆ మాట అమ్మతో మా ఇంట్లో ఎవ్వరూ ఏనాడూ అనలేదు. కాసేపటికి ఆవిడ కుదురుగా కూర్చుంది. పూర్ణం విరిచి, అందులో నెయ్యి పోయించుకుని, మెల్లగా తింది. మళ్ళీ అడిగి ఇంకోటి వేయించుకుంది. అమ్మకి పూర్ణాలంటే అంత ప్రాణమని మా అన్నదమ్ములెవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఆవిడ వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ.

అందుకే బయట భోజనం దుబారా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అక్కడి కూర మన ఇంటి కూరంత బావుండక్కర్లేదు. వండే మనిషి వేడిగా తినడమే దాని లాభం. అంతమాత్రాన వండి పెట్టే చెయ్యి చిన్నదైపోదు, మర్యాదకి లోటూ రాదు. ఆ మర్యాదలో కాస్త ఇంటిమనిషికీ దక్కుతుంది, అంతే. హోటల్‌కి వెళ్ళే వీలు అందరికీ ఉండకపోవచ్చు. అప్పుడు ఇంట్లోనే చెయ్యొచ్చు. ఈ ఆదివారం మొదటి విస్తరి వండిన మనిషికి వెయ్యండి. గరిటె మీరు పట్టుకోండి. ఆవిడ చాలన్నా వినకండి. ఆపాటి మర్యాద మనకి ఒకళ్ళు నేర్పాలా, చెప్పండి?