అక్క చెయ్యి, చిట్టి ముక్కు

మా అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. తనకి మస్క్యులర్ డిస్ట్రఫీ. కండరాలు కొంచెం కొంచెంగా బలం కోల్పోయే జబ్బు. కొన్నేళ్ల కిందట మెట్లు ఎక్కడం మానేసింది, ఇప్పుడు వీల్‌చెయిర్‌లో ఉంది. డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఇద్దరం ఉంటాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తను ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తుంది. మూడో ప్రాణి చిట్టి. పది నెలల లాబ్రడార్ పిల్ల. అక్కకి సాయంగా ఉండే సర్వీస్ డాగ్ కావాలని దాన్ని తెచ్చుకున్నాం.

"కుక్కకి చదువేంటే, పూజ గదిలోకి రానివ్వట్లేదు కదా?" అని తెనాలి నుంచి అమ్మ వారానికోసారి అడుగుతుంది.

అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రకారం సర్వీస్ డాగ్‌ని సంస్థలే తయారుచేయాలన్న నియమం లేదు. సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఆ మనిషి ఇబ్బందికి పనికొచ్చే పని కుక్కకి వచ్చి ఉండాలి, నలుగురిలో అదుపులో ఉండాలి. సంస్థల దగ్గర ఏళ్ల తరబడి వెయిటింగ్ కాబట్టి మేమే నేర్పుకుంటున్నాం. ట్రైనర్ వారానికి ఒక రోజు వస్తారు. మిగతా ఆరు రోజులూ మావే.

ఈ చదువుకి అఆలు టార్గెట్ ట్రైనింగ్. ఫలానా వస్తువుని ముక్కుతోనో ముందుకాలితోనో తాకడం నేర్పాలి. తాకిన క్షణంలో 'సరిగ్గా చేశావు' అని ఒక సంకేతం, వెంటనే ఒక ముక్క తిండి. ఈదే డాల్ఫిన్‌కి గొలుసు కట్టి లాగలేం కదా! కర్ర చివర బంతి చూపించి, దాన్ని తాకిస్తూ నేర్పుతారు. డాల్ఫిన్లతో పనిచేసిన కరెన్ ప్రయర్ లాంటివాళ్లు ఈ పద్ధతుల్ని కుక్కలు పెంచేవాళ్ల దాకా తెచ్చారు. తలుపు బటన్ నొక్కడం, ఫుట్ స్విచ్‌తో లైటు వేయడం లాంటి పనులన్నీ ఆ 'తాకు' మీదే కట్టాలి.

తాకించడానికి ఏం వాడాలి? ఆన్‌లైన్‌లో వెతికితే రకరకాలు దొరుకుతాయి. వృత్తి అలవాటు కొద్దీ ఎక్సెల్‌లో పట్టిక వేశాను. ధర, సైజు, రేటింగ్ తర్వాత పెట్టుకున్నాను. మొదటి గడిలో రాసిన ప్రశ్న ఒకటే: 'అక్క దీన్ని వాడగలదా?'

ఆ ప్రశ్నకి ముందు ఓడిపోయింది టార్గెట్ స్టిక్. పొడుగ్గా సాగే కర్ర, చివర బంతి, పిడి దగ్గర క్లిక్కర్. చాలామందికి అది మంచి సాధనమే. కానీ దాన్ని చాచి పట్టుకుని బొటనవేలితో క్లిక్ నొక్కాలంటే అక్క చెయ్యి రెండు నిమిషాలకే అలిసిపోతుంది. నేను పట్టుకోవచ్చు. అప్పుడు చిట్టి నా వెంట తిరగడం నేర్చుకుంటుంది. పైగా ఈ వయసు పిల్లకి బంతి కనిపిస్తే తాకడానికి కాదు, కొరకడానికే!

క్లిక్కర్ బదులు ఒక మాట పెట్టుకున్నాం: 'భళా'. మా ఇంట్లో మామూలుగా ఎవరూ అనని మాట, అందుకే కుక్కకి గందరగోళం ఉండదు.

మొదటి టార్గెట్‌గా అక్క చెయ్యే ఖాయమైంది. కుర్చీ పక్కన అరచెయ్యి కిందికి వేలాడేస్తే చాలు, చిట్టి వచ్చి ముక్కు ఆనిస్తుంది. ఖర్చు లేదు, ఇంట్లో మర్చిపోయే వస్తువూ కాదు. చేతి దగ్గరికి వచ్చే కుక్క చక్రాల కిందికి పోదన్నది ఇంకో లాభం.

గోడల మీద, డ్రాయర్ల మీద తాకాల్సిన చోటుకి రంగులు వేసేవాళ్లు వాడే నీలం టేప్ తెచ్చాను. కుక్కలకి నీలం, పసుపు బాగా తేడా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ అంతగా తెలియవు. అంటుకునే కాగితాలైతే చిట్టి నోట్లో వేసుకుంటుంది. టేప్ గోడకి అతుక్కుని ఉంటుంది, తీసినా రంగు ఊడదు. అద్దె ఇల్లు, డిపాజిట్ గుర్తుంచుకోవాలి కదా!

కాలితో నొక్కే పనులకి పెద్ద పెరుగు డబ్బా మూత. ముక్కుకి ఒకటి, కాలికి ఒకటి వేరువేరుగా ఉంటే దానికి తికమక ఉండదు. మూతని ముందు నేల మీద పెట్టాం, తర్వాత గోడకి అడుగున అంటించాం. పైకి జరపడానికి తొందరపడలేదు. ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి, ఏడాదిన్నర వచ్చేదాకా వెనక కాళ్ల మీద పదేపదే నిలబెట్టొద్దని డాక్టర్ చెప్పారు. అందుకే గోడ స్విచ్‌ల జోలికి ఇప్పుడే పోవట్లేదు.

ఈ సాధనాలన్నీ చివరికి మాయమవ్వాలి. స్లాబ్ గట్టిపడ్డాక సెంట్రింగ్ చెక్కలు తీసేసినట్టే. మూతని వారం వారం కత్తిరిస్తూ వచ్చాం. అరచేతంత అయింది, ఇప్పుడు రూపాయి బిళ్లంత. అది పోయాక కూడా చిట్టి అదే చోట నొక్కితే నేర్చుకున్నట్టు. తీసేయడానికి వీల్లేని సాధనం ఎంత ఖరీదైనదైనా మాకు పనికిరాదు.

ఇంత తర్జనభర్జన ఎందుకంటే, వచ్చే ఏడాది సియాటిల్ ఆఫీసుకి మారతావా అని మా మేనేజర్ అడిగారు. అక్కతో చెప్పాను. "వెళ్లవే. అప్పటికి మన బిల్డింగ్ తలుపు చిట్టి తియ్యాలి, అంతే" అంది. ఆ తలుపుకి గోడ మీద, కుర్చీలో కూర్చున్నవాళ్లకి అందే ఎత్తులోనే బటన్ ఉంది. కానీ అక్క చేతికి దాన్ని నొక్కేంత బలం లేదు. నేను లేనప్పుడు ఎవరైనా వచ్చేదాకా బయట ఎండలో ఆగుతుంది. డాలస్ ఎండాకాలం మన విజయవాడకి ఏమీ తీసిపోదు. 'ఎవరో రావాలి' అనే ఆ పది నిమిషాలే తనకి జబ్బు కంటే బరువు.

అందుకే ఇప్పుడు ప్రాక్టీస్‌లో నా పని దూరంగా నిలబడటం. మాట్లాడకూడదు, చెయ్యి చూపకూడదు. తిండి సంచీ కూడా అక్క ఒళ్లోకి మారింది. మొన్న శనివారం తలుపు బటన్ దగ్గర చిట్టి ఒకసారి నా వైపు చూసింది. నేను గోడ వైపు తిరిగాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత తలుపు మోటారు చప్పుడు, ఆ వెంటనే అక్క గొంతు: "భళా!"

మీ ఇంట్లోనూ ఎవరికోసమైనా ఇలాంటి సాధనం కొనాల్సి వస్తే, రేటింగులు చూసేముందు ఆ మనిషి చేతిలో పెట్టి చూడండి. సియాటిల్ సంగతి నేనింకా తేల్చలేదు. ఈ వారం మూత ఇంకాస్త కత్తిరించాలి.